వండే చేతికే ముందు తెలుస్తుంది

(పెద్దాపురంలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊరు ఎప్పుడు వచ్చినా మరిడమ్మ తల్లి గుడి ముందు నుంచి వెళ్తుంటే నాకో సంగతి గుర్తొస్తుంది. మరిడి అంటే మన వైపు కలరా. రాత్రి వాంతులు, విరేచనాలు మొదలై తెల్లారేసరికి ఇంటికి ఇద్దరు ముగ్గురు పోయే జబ్బు. ఏటా ఆషాఢంలో నెల పైగా జాతర చేసుకుంటున్నాం కానీ ఆ పేరు ఒక జబ్బు పేరని మన పిల్లలకి తెలీదు. కలరా నీళ్లలోంచి, తిండిలోంచి వస్తుందని మన ముత్తవ్వలకి ఎవరూ చెప్పలేదు. వాళ్లు అమ్మవారికి చెప్పుకున్నారు. అది మూఢనమ్మకమని నవ్వేసే ముందు ఒక్కటి ఆలోచించండి. వాళ్లకి చెప్పుకునే చోటు ఒకటి ఉంది. వీధిలో జబ్బు తగిలిందని తెలియగానే ఊరంతా ఒకచోట చేరేవారు. ఇవాళ మన వంటింట్లో నూనె తేడాగా అనిపిస్తే, బడిలో పప్పు వాసన మారితే, ఎక్కడికి వెళ్లి ఎవరితో చెప్పాలి? నేను మాట్లాడదలుచుకున్నది దాని గురించే.

ముందు మాటల దగ్గర ఒక చిక్కు ఉంది, అది విప్పుకుందాం. ‘ఆహార భద్రత’ అనగానే మనకి రేషను కార్డు గుర్తొస్తుంది. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టం అదే. కడుపుకి ఇంత తిండి అందటం. దానికోసం మన సంఘాలన్నీ ధర్నాలు చేశాయి, డిపోల ముందు కూర్చున్నాయి. కానీ అంతకంటే ముందే, 2006లో, ఇంకో చట్టం వచ్చింది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం. 1954 నాటి కల్తీ నిరోధక చట్టాన్ని తీసేసి దీన్ని తెచ్చారు. 2011 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులో భద్రత అంటే అందిన తిండి మనల్ని ఏమీ చెయ్యకుండా ఉండటం. రెండింటికీ తెలుగులో ఒకటే మాట కావటంతో రెండోది మొదటిదాని చాటున పడిపోయింది. మనం కూడా, నిజం చెప్పాలంటే, రెండోదాన్ని బజార్లో సరుకు కొనేవాళ్ల సమస్య అనుకున్నాం. డబ్బున్నవాళ్ల వినియోగదారుల సంఘాలు చూసుకుంటాయిలే అనుకున్నాం. పేదవాళ్లకి ఏదో ఒకటి దొరకటమే ఎక్కువ, నాణ్యత సంగతి తరవాత అన్నాం. ఇది మన తప్పు. ఎందుకు తప్పో చెప్తాను.

1974 చివర్లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దున గిరిజన గ్రామాల్లో కామెర్లు మొదలయ్యాయి. పొట్ట ఉబ్బిపోయి, నీరు పట్టి మనుషులు చనిపోయారు. జబ్బు పడిన 397 మందిలో 106 మంది పోయారు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్లి చూశారు. అకాల వర్షాలకి తడిసిన మొక్కజొన్న సరిగా ఎండకుండానే గాదెల్లోకి వెళ్లింది. దానికి బూజు పట్టింది. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టింది, అది కాలేయాన్ని తినేసింది. ఆ గ్రామాల్లో ఆ ఏడు తినటానికి ఇంకేమీ లేదు, మొక్కజొన్నే. నన్ను నిలబెట్టేసింది మాత్రం వాళ్లు రాసిన ఇంకో సంగతి. మనుషుల కంటే ముందు ఊళ్లో కుక్కలకి ఇదే జబ్బు వచ్చింది. కుక్కలకి పొట్టలు ఉబ్బాయి, కుక్కలు చచ్చిపోయాయి. ఆ ఇంట్లో రొట్టె చేసి, మిగిలిన ముక్క కుక్కకి విసిరేసింది ఎవరు? ఆడదే కదా. కుక్క ఎందుకు చచ్చిందో అని ఆమె ఒక్కసారైనా అనుకునే ఉంటుంది. ఆ మాట ఎవరితో అనాలి? అన్నా ఎవరు రాసుకుంటారు?

జపాన్‌లో మినమాటా అనే చోట కూడా ఇంతే. ఒక ఫ్యాక్టరీ సముద్రంలోకి పాదరసం వదిలింది. 1956లో డాక్టర్లు ఇదొక కొత్త జబ్బని గుర్తించారు. అంతకు ముందే బెస్తవాళ్ల ఇళ్లలో చేపలు తిన్న పిల్లులు పిచ్చెక్కినట్టు గెంతి గెంతి చచ్చాయి. మనకి ఇది కొత్త సంగతేం కాదు. లేత జొన్న మేసిన గేదె నురగ కక్కి పడిపోతే ‘నాము తగిలింది’ అని మన పల్లెల్లో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. ఆ జొన్నలో ఏ విషం ఉందో వాడికి తెలీదు, కానీ ఎప్పుడు మేపకూడదో తెలుసు. పశువు విషయంలో ఉన్న ఆ తెలివి మనుషుల తిండి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పోయింది? మునుపు తిండి ఎక్కడినుంచి వచ్చిందో మనకి తెలిసేది. ఇప్పుడు తెలీదు. అంతే అనుకుంటాను.

1995లో దక్కను పీఠభూమిలో సర్వే చేస్తే 27 గ్రామాల్లో ఒకే జబ్బు కనిపించింది. కడుపునొప్పి, పేగుల్లో గుడగుడలు, విరేచనాలు. అదీ అకాల వర్షాలకి తడిసి బూజు పట్టిన జొన్న, మొక్కజొన్నల వల్లే. ఈసారి బూజు వేరు, విషం పేరు ఫ్యుమోనిసిన్. ఆ గింజ తినటం మానేయగానే జబ్బు తగ్గిపోయింది కాబట్టి పెద్ద గోల కాలేదు. తిన్నది ఎవరు? ఆ ఊళ్లలో అందరికంటే పేదవాళ్లు. మంచి గింజ కొనుక్కోగలిగినవాళ్లకి ఏమీ కాలేదు. అందుకే తప్పు అన్నాను. నాణ్యత అనేది కడుపు నిండినవాళ్ల గొడవ కాదు. చెడిన గింజ ఎప్పుడూ కిందికే జారుతుంది. మన డెల్టాలో తుపాను వచ్చిన ప్రతిసారీ రంగు మారిన ధాన్యం కొనమని రైతులు రోడ్డెక్కుతారు. వాళ్ల బాధ నిజం, మనం వాళ్ల పక్కనే నిలబడ్డాం. కానీ ఆ ధాన్యం బియ్యమై ఎవరి పళ్లెంలోకి వెళ్తుంది అని ఒక్క సభలోనైనా అడిగామా? నేనైతే అడగలేదు.

ఇక 2013. బీహార్‌లో సారణ్ జిల్లా, గండామన్ గ్రామం. జులై 16న బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. నూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని తేలింది. అప్పట్లో పత్తి చేలో కొట్టే మందు, మన రైతులకి బాగా తెలిసిన పేరు. మీలో చాలామంది ఈ వార్త చదివే ఉంటారు. కానీ అప్పట్లో పత్రికల్లో వచ్చిన ఇంకో సంగతి మనం మరచిపోయాం. నూనె రంగు, వాసన తేడాగా ఉన్నాయని వంట చేసే ఆమె చెప్పింది. ఫరవాలేదు, వండమన్నారు. ఆమె వండింది. రుచి చూసింది. ఆమె కూడా ఆసుపత్రి పాలైంది. ఆమె పిల్లలూ ఆ బడిలోనే తిన్నారు. తరవాత ప్రధానోపాధ్యాయినికి 2016లో కోర్టు జైలుశిక్ష వేసింది. అది జరగవలసిందే. అయినా నాకు మనసులో ఆగిపోయింది శిక్ష కాదు, ఆ పొయ్యి దగ్గరి ఒక్క నిమిషం. ప్రమాదం ఏమిటో ఆ నిమిషంలో ఒక మనిషికి తెలుసు. ఏ లేబొరేటరీ అక్కర్లేకుండా, కంటితో, ముక్కుతో తెలుసుకుంది. ‘నేను వండను’ అనే హక్కు మాత్రం ఆమెకి లేదు.

మన రాష్ట్రంలో బడుల్లో వండే అక్కల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. వెయ్యి రూపాయల నుంచి మూడు వేలు చెయ్యటానికి 2019 దాకా పట్టింది. బిల్లులు రాక అప్పు చేసి కూరగాయలు తెచ్చిన రోజులు వాళ్లకి తెలుసు. పథకానికి పేర్లు మారాయి. ఇప్పుడు మన కోనసీమ డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ వచ్చినవాళ్లకి వచ్చినట్టు వండి పెట్టిన మహా ఇల్లాలు. పేరు మంచిదే. అయితే సీతమ్మ గారు తన ఇంట్లో, తన చేత్తో తెచ్చుకున్న సరుకు వండారు. నచ్చని నూనెని పారబోసే అధికారం ఆవిడకి ఉంది. ఆవిడ పేరు పెట్టిన పథకంలో వంట చేసే ఆడమనిషికి ఆ అధికారం ఇవ్వాలని అడగటం అత్యాశ కాదు కదా! 2015 నాటి మధ్యాహ్న భోజన మార్గదర్శకాల ప్రకారం పిల్లలకి పెట్టేముందు ఒక టీచరుతో సహా పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు రుచి చూడాలి. అంటే వండాక చూడాలి. వండక ముందు సరుకు చూసి ‘ఇది వద్దు’ అనే అధికారం కూడా వండే మనిషికి ఉండాలి.

ఏలూరు గురించి చెప్పకుండా ఉండలేను, మన పక్కనే జరిగింది. 2020 డిసెంబరు మొదటివారంలో ఒకటో పట్టణ ప్రాంతంలో నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే పడిపోయారు. మూర్ఛలు, నోట్లో నురగ, కళ్లు తిరగటం. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఆసుపత్రికి వచ్చారు, ఒకరు చనిపోయారు. ఎక్కువమంది ఒక్క రోజులోనే తేరుకున్నారు. ముందు నీళ్లన్నారు. మునిసిపాలిటీ నీళ్లు తాగనివాళ్లు కూడా పడిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. ఆ నెల మధ్యకి వచ్చేసరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణుల సంస్థలు ప్రభుత్వానికి చెప్పాయి. దేశంలో పేరున్న సంస్థలన్నీ ఆ వారంలో ఏలూరు వచ్చాయి. కూరగాయలు పరీక్షించారు, పాలు పరీక్షించారు, బియ్యం, నీళ్లు, రక్తం, అన్నీ. సంతోషమే. 600 మంది పడిపోయాక వచ్చిన ఆ సంస్థల్లో ఒక్కదాని బండైనా, పడిపోక ముందు, నెలకోసారి, రైతుబజారులో వంకాయలు పట్టుకెళ్లటానికి ఎందుకు రాకూడదు? ఇది నా ప్రశ్న. చట్టమూ ఇదే అంటోంది. 2006 చట్టం 16వ సెక్షన్‌లో ఆహార ప్రాధికార సంస్థ చెయ్యవలసిన పనుల్లో కొత్తగా తలెత్తుతున్న ప్రమాదాలను గుర్తించటం, త్వరగా హెచ్చరించే ఏర్పాటు చెయ్యటం అని స్పష్టంగా రాసి ఉంది. అంటే ప్రమాదం ముదరకముందే కనిపెట్టటం వాళ్లు మనకి చేసే దయ కాదు. వాళ్ల ఉద్యోగం.

అలాంటి హెచ్చరిక ఏర్పాటు ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. మన రొయ్యనే చూడండి. చెరువుల్లో జబ్బులకి యాంటీబయాటిక్ మందులు వాడితే, ఆ మందు ఆనవాలు రొయ్యలో మిగిలితే, యూరప్ రేవులో పట్టేస్తారు. ఒక దేశంలో పట్టుబడితే మిగతా దేశాలన్నిటికీ వెంటనే కబురు వెళ్తుంది. 2016లో మన దేశపు చెరువు రొయ్యల మీద అనుమానం పెరిగి, వచ్చే సరుకులో పరీక్షలని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. అక్కడి ఆడవాళ్ల పళ్లెంలోకి వెళ్లే రొయ్యకి అంత కాపలా ఉంది. అదే చెరువులో పట్టిన, ఎగుమతికి పనికిరాని చిన్న రొయ్య మన సంతలో తట్టలో అమ్ముడవుతుంది. దానికి పరీక్ష ఏది? ఆ మందు నీళ్లలో చేతులు పెట్టి షెడ్లలో రొయ్య తలలు తీసే ఆడపిల్లల చేతులకి పరీక్ష ఏది?

చేతుల మాట వచ్చింది కాబట్టి నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

ఈ పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల సగ్గుబియ్యం మిల్లులు మీకు తెలిసినవే. మెట్ట నుంచి కర్రపెండలం దుంప లారీల్లో వస్తుంది. చెక్కు తీసేది ఆడవాళ్లు. దుంప మర పట్టి, పాలు తీసి, తొట్లలో తేరనిచ్చి, పిండిని గుండ్లు చేసి, పెనాల మీద వేయించి, కళ్లంలో ఎండబోస్తారు. ఎంత తెల్లగా ఉంటే అంత ధర. కొన్నేళ్ల కిందట ఒక షెడ్డులో పనిచేసే ఆమె మా దగ్గరికి వచ్చింది. చేతులు చూపించింది. వేళ్ల చివర్లు పొరలు పొరలుగా ఊడుతున్నాయి, గోళ్ల చుట్టూ పుళ్లు.

“కొత్తగా తొట్లో ఏదో పొడి కలుపుతున్నారండి. అప్పట్నుంచి ఇలాగే ఉందండి.”

“మేస్త్రీకి చెప్పావా అమ్మా?”

“చెప్పానండి. నీ ఒళ్లు పడదేమో, కళ్లంలోకి వెళ్లి ఎండబోసే పని చూసుకో అన్నాడండి.”

మేం ఏం చేశాం? కార్మిక సమస్యగా రాసుకున్నాం. చేతి తొడుగులు ఇవ్వాలని, మందుల ఖర్చు ఇవ్వాలని అడిగాం. కొంత సాధించాం కూడా. ఆ పొడి ఏమిటో, సంచి మీద పేరు కూడా లేదని ఆమె చెప్పింది. మేం అంతటితో వదిలేశాం. తరవాత చాలా నెలలకి, ఒక ఏకాదశినాడు మా ఇంట్లోనే సగ్గుబియ్యం ఉప్మా చేస్తూ గిన్నెలో నానబోసిన తెల్లటి గుండ్లు చూసి చెయ్యి ఆగిపోయింది. ఆమె చేతి చర్మాన్ని ఊడగొట్టింది ఏదో, అది ఈ గిన్నెలోకి కూడా వచ్చి ఉండొచ్చు కదా? జ్వరం వచ్చిన పిల్లలకి మనం పట్టేది సగ్గుబియ్యం జావే. అది హానికరమైనదో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. కడిగితే పోయేదేమో. తెలుసుకునే దారి అప్పుడు నా చేతిలో ఉంది, నేను దాన్ని ‘కార్మికులు’ అనే ఫైలులో పెట్టి మూసేశాను. మన సంస్థల్లో ఆరోగ్యం ఒకరు, కూలి ఒకరు, రేషను ఒకరు చూస్తాం. ఆమెకి ఈ మూడూ ఒకటే. ఆమె రెండు చేతులు.

ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేను సగమే చెప్పినట్టు. ప్రతి అనుమానమూ నిజం కాదు. రేషను బియ్యంలో బలవర్ధక గింజలు కలపటం మొదలైనప్పుడు మన జిల్లాల్లో ప్లాస్టిక్ బియ్యం అని ఎంత గోల జరిగిందో మీకు గుర్తుందా? నీళ్లలో వేస్తే కొన్ని గింజలు తేలాయి. ఆడవాళ్లు వాటిని ఏరి పారేశారు. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలా చేసి, వంద కిలోలకి ఒక కిలో చొప్పున కలిపారు. రక్తం తక్కువైన ఆడపిల్లలు తినాల్సిన గింజనే ఏరి పారేసుకున్నాం. దానికి మనవాళ్ల అజ్ఞానం అంటే నేను ఒప్పుకోను. బియ్యంలో కొత్తది ఏదో వచ్చిందని వాళ్లు సరిగ్గానే కనిపెట్టారు. అదేమిటో ముందుగా వచ్చి చెప్పవలసినవాళ్లు చెప్పలేదు. పైగా ఆ గింజ విషయంలో అడగవలసిన అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది. తలసేమియా, సికిల్ సెల్ జబ్బులున్నవాళ్ల గురించి సంచి మీద హెచ్చరిక రాయాలని 2018 నిబంధనల్లో ఉండేది. 2024లో ఆ షరతు తీసేశారు. ప్రమాదం లేదని తేలింది కాబట్టి తీసేశామన్నారు. కావచ్చు. కానీ హెచ్చరిక ఉన్న ఆ ఏళ్లలోనైనా, డిపోలో సంచి విప్పి కాటా వేసి గుడ్డసంచిలో పోసే బియ్యానికి ఆ అక్షరాలు ఎలా అంటుకుంటాయి? మన ఏజెన్సీలో సికిల్ సెల్ ఉన్న ఇళ్లకి ఆ మాట ఎవరు చేరవేశారు? లేని ప్లాస్టిక్ గురించి అరిచాం, ఉన్న ప్రశ్న అడగలేదు.

అందుకని పుకారుకీ, కబురుకీ తేడా పట్టుకోవాలి. నాకు తోచిన తేడా ఇది. పుకారుకి ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అనేవి ఉండవు. కబురుకి ఉంటాయి. ‘నూనె బాగాలేదట’ అనేది పుకారు. ‘ఫలానా తారీకున కొత్త డబ్బా విప్పాం, పొయ్యి మీద పెట్టగానే నల్లటి పొగ, ముగ్గురికి కళ్లు మండాయి, డబ్బా మీద తయారీ తేదీ చెరిపేసి ఉంది’ అనేది కబురు. దాన్ని పట్టుకుని వెళ్తే ఏ ఫుడ్ ఇన్‌స్పెక్టరూ తీసిపారెయ్యలేడు. కాబట్టి ప్రతి సంఘం దగ్గర ఒక నోటుబుక్కు ఉండాలని అడుగుతున్నాను. వంద పేజీలది చాలు. కోళ్లు, కుక్కలు చస్తే రాయండి. ఒకే వీధిలో మూడిళ్లలో ఒకే రకం వాంతులైతే రాయండి. పనిచేసేవాళ్ల చేతులు, కళ్లు, దగ్గు. ఇంకోటి, ధర. బజారు ధర కంటే సగానికి ఏ పప్పయినా, నూనైనా అమ్ముతున్నారంటే సంతోషించే ముందు అది కూడా రాయండి. అనుమానం వచ్చిన సరుకు గుప్పెడైనా సీసాలో, మూత పెట్టి, తేదీ రాసి దాచండి. పారబోస్తే మన మాట కూడా దాంతోనే పోతుంది.

చట్టంలో మనకి పనికొచ్చేవి రెండు మూడు చెప్తాను, మిగతావి న్యాయవాది అక్క మధ్యాహ్నం చెప్తుంది. 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లు ఎవరైనా ఫీజు కట్టి ఆహార విశ్లేషకుడి చేత సరుకు పరీక్ష చేయించుకోవచ్చు. అమ్మినవాడికి ఆ సంగతి కొన్నప్పుడే చెప్పాలి. సరుకు చెడ్డదని తేలితే ఫీజు వెనక్కి వస్తుంది. ఆ ఫీజు ఒక కూలిమనిషికి భారమే, అందుకే సంఘం కట్టాలి. తిండి వల్ల మనిషి చనిపోతే 65వ సెక్షన్ కింద కనీసం 5 లక్షల పరిహారం ఉంది. 35వ సెక్షన్ కింద, ఆహారం విషమించిన కేసులన్నీ డాక్టర్లు అధికారులకి తెలియజేయాలని నోటిఫికేషన్ ఇచ్చే వీలుంది. మన జిల్లాలో ఎంతమంది డాక్టర్లు అలా తెలియజేశారో సమాచార హక్కు కింద అడుగుదాం. దరఖాస్తు నమూనా తెచ్చాను, సంతకాలు కావాలి. వీటన్నిటికంటే ముందు బడుల్లో వండే అక్కలకి, అంగన్‌వాడీ ఆయాలకి సరుకు తిప్పి పంపే అధికారం కాగితం మీద ఉండాలి. ఆ డిమాండు కలెక్టరుకి ఇచ్చే వినతిపత్రంలో మొదటి వరుసలో రాయమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. చివర్లో, ‘ఇతర సమస్యలు’ కింద కాదు.

ఆ సగ్గుబియ్యం షెడ్డు ఆమె ఇవాళ వస్తానంది. రాలేదు. దుంప సీజను, ఒక్క పూట మానితే కూలి పోతుంది. నోటుబుక్కులో మొదటి పేజీ ఆమెతోనే రాయించాలని నా కోరిక. ఈసారి సమావేశం పనిరోజున కాకుండా షెడ్లకి సెలవిచ్చే రోజు చూసి, వాళ్ల పేటలోనే పెట్టుకుందాం. ఎవరెవరు రాగలరో ఇప్పుడే చేతులెత్తండి, పేర్లు రాసుకుంటాను.